పాత సైకిలుకు గాలి, తాళం, దారి

తెలంగాణ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ కార్యదర్శి గారికి,

విషయం: ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో పాత సైకిళ్ల కొనుగోలు, వాడకం, వాటికి కావలసిన ఏర్పాట్లు

ఉప్పల్, నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల్లో పనికి పోయే మనిషి అప్పు చేయకుండా, లైసెన్సు తీసుకోకుండా సొంతం చేసుకోగలిగిన వాహనం పాత సైకిలొక్కటే. 1988 నాటి మోటారు వాహనాల చట్టం యంత్రశక్తితో నడిచే బండ్లకే వర్తిస్తుంది. కాళ్లతో తొక్కే సైకిలు దాని కిందికి రాదు. అందుకే దానికి రిజిస్ట్రేషన్ లేదు, బీమా లేదు, కాలుష్యం సర్టిఫికెట్ లేదు. రెండు మూడు వేల రూపాయలు చేతిలో ఉంటే ఆ సాయంత్రమే ఇంటికి తొక్కుకుంటూ పోవచ్చు. అయితే ఆ సైకిలు నిజంగా చవకగా పడిందా లేదా అన్నది కొన్న రోజున తేలదు. గాలి కొట్టుకునే చోటు, పంక్చర్ వేసే మనిషి, తాళం వేసి ఆనించే జాగా, క్షేమంగా ఇల్లు చేరే దారి ఉంటేనే అది చవక. కొనేముందు సైకిలును పరీక్షించి చూసుకోవడం కొనేవాడి పని. మిగతావన్నీ నగరపాలక సంస్థ, హెచ్‌ఎండీఏ, మెట్రో రైలు సంస్థల చేతిలో ఉన్నాయి. అవి మూడూ పురపాలక శాఖ కిందికే వస్తాయి కనుక ఈ లేఖ ఆ శాఖకు.

నగరం తూర్పు కొసన దూరాలు సైకిలుకు అనువైనవి. బోడుప్పల్, పీర్జాదిగూడల నుంచి ఉప్పల్ రింగ్ రోడ్డుకు, ఉప్పల్ నుంచి చిలకానగర్ మీదుగా నాచారానికి, నాచారం ఈఎస్ఐ ఆసుపత్రి దగ్గర నుంచి హబ్సీగూడకు, ఏది తీసుకున్నా ఐదు కిలోమీటర్ల లోపో, కాస్త పైనో ఉంటుంది. ఆయాసపడకుండా తొక్కే మనిషి గంటకు 12 నుంచి 15 కిలోమీటర్లు పోతాడు. అంటే ఇంటి నుంచి ఫ్యాక్టరీ గేటుకు ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. నాగోలు దగ్గర మూసీ ఒడ్డు నుంచి హబ్సీగూడ, తార్నాకల వైపు నేల మెల్లగా ఎత్తెక్కుతుంది గానీ, గేర్లు లేని సైకిలు మీద వెనక సద్ది డబ్బా కట్టుకుని కూడా ఎక్కగలిగినంతే.

2017 నవంబరులో నాగోలు నుంచి మియాపూర్‌కు మెట్రో మొదలయ్యాక ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సీగూడ స్టేషన్లు ఈ ప్రాంతానికి వచ్చాయి. కానీ మెట్రో పెద్ద రోడ్డు పట్టుకుని పోతుంది, పారిశ్రామికవాడ గేట్లేమో లోపలున్నాయి. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం కావడం పెద్ద ఊరట. అయినా తెల్లవారుజామున ఆరు గంటల షిఫ్టుకు చేరాలన్నా, రాత్రి పది గంటలకు షిఫ్టు దిగి ఇంటికి పోవాలన్నా బస్సు కోసం చాలాసేపు నిలబడాలి. షేర్ ఆటో దొరికినా అడిగినంత ఇచ్చుకోవాలి. ఆ వేళల్లో ఎవరి కోసమూ ఎదురుచూడనక్కర్లేనిది సైకిలు. 2011 జనాభా లెక్కల నాటికి దేశంలో 44.8 శాతం కుటుంబాలకు సైకిలు ఉండేది, మోటారు ద్విచక్ర వాహనం 21 శాతానికే ఉండేది. ఆ తర్వాత మోటారు బండ్లు బాగా పెరిగాయన్నది నిజమే. అయినా అడ్డా మీద నిలబడే కూలీ, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, నల్లగొండ, జనగామల నుంచో బీహార్, ఒడిశాల నుంచో కొత్తగా వచ్చి గది అద్దెకు తీసుకున్న కుర్రాడు ఇప్పటికీ ముందు పాత సైకిలు వైపే చూస్తారు.

అమ్మకానికి వచ్చే పాత సైకిళ్లు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది రోడ్‌స్టర్: 28 అంగుళాల చక్రాలు, ఎత్తైన నల్ల ఫ్రేము, రాడ్ బ్రేకులు, వెనక బరువు మోసే ఇనుప క్యారియర్. లూధియానాలో తయారయ్యే హీరో, ఏవన్, మద్రాసు కంపెనీ హెర్క్యులిస్, సోనీపత్‌లో పుట్టిన అట్లాస్ ఈ రకంలో అందరికీ తెలిసినవి. అట్లాస్ తన సాహిబాబాద్ ఫ్యాక్టరీని 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే ఆపేసింది. అయినా పాత అట్లాస్ కొన్నవాడు కంగారు పడనక్కర్లేదు. రోడ్‌స్టర్ సామాను దాదాపు అన్ని కంపెనీలదీ ఒకే కొలతల్లో ఉంటుంది, ఒకదాని చైను, ఫ్రీవీలు, హబ్బు, కాటర్ పిన్ను మరోదానికి సరిపోతాయి. బీద ఇంట్లో ఒక సైకిలు ఇరవై ముప్పై ఏళ్లు నిలవడానికి అసలు కారణం ఇదే.

రెండో రకం అపార్ట్‌మెంట్ సెల్లార్ల నుంచి వచ్చేది. లావు టైర్లు, రంగురంగుల ఫ్రేము, ముందు స్ప్రింగు ఫోర్కు, కొన్నిటికి గేర్లు. 2020 లాక్‌డౌన్ తర్వాత దేశమంతటా సైకిళ్లకు ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. అప్పుడు పిల్లల కోసం కొన్నవి పిల్లలు ఎదిగాక దుమ్ము పట్టి మూలన పడ్డాయి. హబ్సీగూడ, రామంతాపూర్ కాలనీల్లో ఇలాంటివి వాచ్‌మన్ల ద్వారా చేతులు మారుతుంటాయి. చూడటానికి బాగుంటాయి, ధర కూడా తక్కువే చెబుతారు. కానీ రోజూ పనికి తొక్కేవాడికి చవక రకం గేర్ల సైకిలు ఉచితంగా వచ్చినా బరువే. గేరు తీగ సాగుతుంది, వెనక గేరు చేయి చిన్న దెబ్బకే వంగుతుంది, స్ప్రింగు ఫోర్కు తుప్పుపట్టి బిగుసుకుపోతుంది. వాటి సామాను తెలిసిన మెకానిక్కు ప్రతి వీధిలో ఉండడు. గేర్లు లేని సైకిలు, బరువు మోయాలంటే రోడ్‌స్టర్, కొనేవాళ్లకు మేలైన ఎంపిక ఇదే. ఎత్తు తక్కువున్నవాళ్లకు, చీర మీదో చుడీదార్ మీదో తొక్కే ఆడవాళ్లకు అడ్డ కడ్డీ లేని లేడీస్ సైకిలు సరిపోతుంది.

ఈ చుట్టుపక్కల పంక్చర్ షాపుల వాళ్లు ఒకటి రెండు పాత సైకిళ్లను ఓవరాలింగ్ చేసి అమ్మకానికి పెడుతుంటారు. దూరం పోగలిగితే ఎర్రగడ్డ ఆదివారం సంత, పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజార్ ఉన్నాయి. సంతలో ధర తక్కువ, కానీ అమ్మినవాడు వచ్చే వారం అదే చోట ఉంటాడన్న నమ్మకం లేదు. వీధి చివరి మెకానిక్కు దగ్గర రెండొందలు ఎక్కువ పెట్టి కొంటే, సైకిలు మొరాయించినప్పుడు పోయి అడగడానికి ఒక మనిషి ఉంటాడు.

కొనేముందు పరీక్షించడానికి పనిముట్లేమీ అక్కర్లేదు. మొదట చూడాల్సింది ఫ్రేము. హ్యాండిల్ గొట్టానికి వెనక, అడ్డ కడ్డీ, కింది కడ్డీ వచ్చి కలిసే చోట అడుగువైపు వేలితో తడమాలి. అక్కడ రంగు ముడతలు పడినా, చిన్న ఉబ్బు తగిలినా ఆ సైకిలు ఎప్పుడో ముందునుంచి దేనికో గట్టిగా గుద్దుకుందన్నమాట. అలాంటిదాన్ని ఎంత తక్కువకిచ్చినా వదిలేయాలి. ఫ్రేము వంగిందో లేదో తేల్చడానికి ఇంకో సులువైన పద్ధతి ఉంది. నేల మీద ఒక చెంబు నీళ్లు పోసి, రెండు చక్రాలూ తడిసేలా సైకిలును ఆ తడిలోంచి తిన్నగా నడిపించుకుంటూ పోవాలి. పొడి నేల మీద ముందు చక్రం గీత మీదే వెనక చక్రం గీత పడితే ఫ్రేము, ఫోర్కు తిన్నగా ఉన్నట్టు. రెండు గీతలు పక్కపక్కన పడితే ఏదో ఒకటి వంగింది, లేదా వెనక చక్రం పక్కకు బిగించి ఉంది. రెండోది పానా పెట్టి సరిచేయవచ్చు. సరిచేసి మళ్లీ చూసినా గీతలు కలవకపోతే బేరం ఆపేయాలి.

తర్వాత చక్రాన్ని నేల మీంచి పైకెత్తి తిప్పి చూడాలి. రిమ్ము బ్రేకు రబ్బరుకు ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా వస్తుంటే బెండు ఉంది. అది పుల్లలు బిగించి తీయగలిగే లోపమే. చక్రాన్ని పట్టుకుని అటూ ఇటూ కదిపితే లోపల టకటకమంటే హబ్బులో కోన్లు వదులయ్యాయి లేదా బాల్సు అరిగాయి. పెడళ్ల ఇరుసును కూడా అలాగే కదిపి చూడాలి. తొక్కినప్పుడు ఒకే కాలి కింద ప్రతి చుట్టుకూ ఠక్కుమంటే, పెడలు చేతిని ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను అరిగింది. కొత్త పిన్ను ఖర్చు పెద్దది కాదు గానీ, అరిగిన పిన్నుతోనే నెలలు తొక్కి ఉంటే ఇరుసు మీద గాడి కూడా పాడై ఉంటుంది. చైను అరుగుదలను కొలతబద్దతో తేల్చవచ్చు. చైనులో ఒక పిన్ను నుంచి తర్వాతి పిన్నుకు అర అంగుళం ఉంటుంది. 24 కడియలు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అది ఎనిమిదో వంతు అంగుళం సాగితే చైను మార్చాల్సిందే. చైన్ చక్రం పళ్లు ముల్లులా సన్నబడి ఒకవైపు వాలి ఉంటే చైనుతో పాటు చక్రం, ఫ్రీవీలు కూడా మార్చాలి. పాత పళ్ల మీద కొత్త చైను జారుతూనే ఉంటుంది.

వాన నీళ్లలో మునిగిన సైకిళ్ల గురించి విడిగా చెప్పాలి. 2020 అక్టోబరు 13 నాటి కుండపోత వానలో రామంతాపూర్ చెరువుల కింది కాలనీల్లోకి నీళ్లొచ్చాయి, ఆ తర్వాతి వానాకాలాల్లోనూ లోతట్టు వీధులు మునిగాయి. నీళ్లలో ఒక రాత్రి ఉన్న సైకిలుకు పైన రంగు బాగానే కనబడుతుంది గానీ హబ్బుల్లో, పెడళ్ల ఇరుసులో గ్రీజు పోయి తుప్పు చేరుతుంది. సీటు గొట్టాన్ని పైకి లాగి లోపల చూస్తే ఎర్రటి పొడి రాలుతుంది. అలాంటి సైకిలు కొంటే ఓవరాలింగ్ ఖర్చు బేరంలోనే తగ్గించుకోవాలి.

టైరు కొలతల దగ్గర చాలామంది మోసపోతారు, అమ్మేవాడు మోసం చేయాలనుకోకపోయినా. 26 అంగుళాలని చెప్పే చక్రాలు ఒక్కటి కావు. లావు టైర్ల సైకిలు రిమ్ము 559 మిల్లీమీటర్లు, సన్న టైరు లేడీస్ సైకిళ్లలో ఎక్కువగా కనబడే రిమ్ము 590, మధ్య రకం 584. ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు. రోడ్‌స్టర్ 28 అంగుళాల చక్రానికి రిమ్ము 635. ఈ మూడంకెల సంఖ్య చాలా టైర్ల పక్కన అచ్చుపోసి ఉంటుంది. టైరు కొనడానికి పోయేముందు దాన్ని రాసుకుపోతే చాలు, తప్పు టైరు తెచ్చుకుని మళ్లీ మార్చుకునే తిరుగుడు తప్పుతుంది.

ధర విషయానికొస్తే, కొత్త రోడ్‌స్టర్ ఆరేడు వేల రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. కొత్తవాటి ధర తగ్గితే పాతవాటి ధర కూడా ఆ మేరకు తగ్గాలని కొనేవాడు గట్టిగా అడగవచ్చు. పాత సైకిలు ధరకు టైర్లు, ట్యూబులు, చైను, బ్రేకు రబ్బర్ల ఖర్చు కలిపి చూసుకోవాలి. రెండు టైర్లు, రెండు ట్యూబులు మార్చాల్సి వస్తేనే వెయ్యి రూపాయల దగ్గరికి పోతుంది. మొత్తం కలిపి కొత్తదాని ధరలో సగం దాటుతుంటే పాతది కొనడంలో అర్థం లేదు.

కొన్నాక అన్నిటికన్నా ముఖ్యం గాలి. పంక్చర్లన్నీ మేకుల వల్ల వచ్చేవి కావు, గాలి తక్కువై వచ్చేవీ ఉన్నాయి. మెత్తబడిన టైరు గుంతలో పడితే గుంత అంచుకూ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు కోతలు పడతాయి. టైరును బొటనవేలితో గట్టిగా నొక్కినా లోపలికి పోకూడదు. అంత గాలి వారానికి ఒకసారైనా కొట్టాలి. ఇక్కడే ఒక చిక్కుంది. రోడ్‌స్టర్ ట్యూబుకు ఉండే వాల్వు వేరు, మోటారు బండ్ల వాల్వు వేరు. సైకిలు వాల్వు లోపల చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది, ఎండలకు అది గట్టిపడి పగిలితే గాలి దిగిపోతుంది. పెట్రోలు బంకుల్లో గాలి ఉచితంగా కొట్టాలన్న నియమం ఉంది. కానీ బంకులోని గొట్టం మోటారు వాల్వుకే పడుతుంది, రోడ్‌స్టర్ వాల్వుకు పట్టదు. మోటారు సైకిళ్ల పంక్చర్ షాపుల్లో కంప్రెసర్‌దీ ఇదే కథ. ఉచిత గాలి కళ్ల ముందే ఉండి అందకుండా పోతోంది.

దీనికి పరిష్కారం చిన్నది. రెండు రకాల వాల్వులకూ పట్టే కాలి పంపును గొలుసుతో బిగించి ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సీగూడ మెట్రో స్టేషన్ల కింద పెట్టవచ్చు. నాచారం ఈఎస్ఐ ఆసుపత్రి బయట, పారిశ్రామికవాడ బస్టాపుల దగ్గర కూడా పెట్టవచ్చు. దానికి టెండర్లు పిలవాల్సినంత ఖర్చు లేదు, వార్డు స్థాయి నిధులు సరిపోతాయి. నెలకోసారి నూనె వేసి, వాషరు మార్చే మనిషిని మాత్రం ముందే నియమించాలి, లేకపోతే మూడు నెలల్లో పంపులు ఇనుప కడ్డీలుగా మిగులుతాయి.

దొంగ సైకిళ్ల సంగతి కొనేవాడికీ ప్రభుత్వానికీ ఇద్దరికీ సంబంధించింది. సైకిలుకు ఆర్‌సీ లాంటిది లేదు కనుక అమ్మేవాడి మాటే ఆధారం. 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టంలోని 27వ సెక్షన్ ప్రకారం, తనది కాని వస్తువును అమ్మినవాడి నుంచి కొన్నవాడికి మామూలుగా దాని మీద హక్కు రాదు. పోయిన సైకిలును అసలు యజమాని గుర్తుపడితే కొన్నవాడు సైకిలూ, డబ్బూ రెండూ పోగొట్టుకుంటాడు. దొంగ సొత్తని తెలిసి గానీ, అలా అనుకోవడానికి తగిన కారణం ఉండి గానీ కొంటే 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 317వ సెక్షన్ కింద నేరం కూడా. ప్రతి సైకిలుకూ ఫ్రేము నంబరు ఉంటుంది. పెడళ్ల ఇరుసు గూడు అడుగున గానీ, సీటు కింది గొట్టం మీద గానీ గుద్ది ఉంటుంది. మట్టి తుడిచి చూస్తే కనబడుతుంది. ఆ నంబరును ఆకురాయితో అరగదీసిన గుర్తులుంటే ఆ సైకిలును ముట్టుకోకూడదు. నంబరు బాగుంటే అమ్మినవాడి పేరు, ఫోన్ నంబరు, తేదీ, ధర, ఫ్రేము నంబరు ఒక తెల్ల కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోవాలి. ఆ కాగితాన్నీ సైకిలునూ కలిపి ఫోటో తీసి పెట్టుకుంటే ఇంకా మంచిది.

జపాన్‌లో 1994 నుంచి సైకిలు కొన్నవాళ్లందరూ దాన్ని నమోదు చేయించుకోవాలి, చేతులు మారినప్పుడు నమోదు కూడా మారుతుంది. ఇక్కడ దాన్ని తప్పనిసరి చేయమని అడగడం లేదు. తప్పనిసరి అంటే మళ్లీ రుసుము, మళ్లీ లైను, మళ్లీ జరిమానా. ఒకప్పుడు మున్సిపాలిటీలు సైకిలు పన్ను వేసి బిళ్ల ఇచ్చిన కాలం లాంటిది మళ్లీ రానక్కర్లేదు. కోరుతున్నది ఇష్టమున్నవాళ్లు ఉచితంగా ఫ్రేము నంబరు రాయించుకునే ఒక రిజిస్టరు, వార్డు కార్యాలయంలోనో మీసేవ కేంద్రంలోనో. పోలీసు స్టేషన్‌లో పోయిన సైకిలు దొరికినప్పుడు అది ఎవరిదో తెలియక గోడకు ఆనించి తుప్పు పట్టించే బదులు ఒక నంబరు వెతికి ఫోన్ చేయగలుగుతారు.

తొక్కడం విషయంలో ఈ ప్రాంతంలోని రోడ్లన్నీ ఒక్క తీరుగా లేవు. చిలకానగర్, బీరప్పగడ్డ లోపలి వీధుల్లో సైకిలు హాయిగా పోతుంది. నాచారం నుంచి మల్లాపూర్ రోడ్డులో లారీలు, ట్యాంకర్లు ఎక్కువ. అన్నిటికన్నా గడ్డు చోటు ఉప్పల్ రింగ్ రోడ్డు, అక్కడి నుంచి వరంగల్ వైపు పోయే 163వ నంబరు జాతీయ రహదారి. ఉప్పల్ నుంచి నారపల్లి వరకు ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగాయి. స్తంభాల పక్కన ఇరుకైన రోడ్డు మీద, గుంతల మధ్య, దుమ్ములో బోడుప్పల్ కార్మికులు సైకిళ్లు తొక్కారు. 2023 జూన్‌లో ఉప్పల్ రింగ్ రోడ్డు మీద స్కైవాక్ తెరిచారు. నడిచేవాళ్లకు అది నిజంగా మేలు చేసింది, రోడ్డు దాటే వృద్ధుల భయం తగ్గింది. సైకిలుతో ఉన్నవాడు మాత్రం ఇప్పటికీ కింద బస్సుల మధ్యే దాటాలి. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో ఇటీవలి ఏళ్లలో దేశంలో ఏటా నాలుగు వేల మందికి పైగా సైకిలు తొక్కేవాళ్లు రోడ్డు ప్రమాదాల్లో చనిపోతున్నారు.

తొక్కేవాడు తన వంతుగా చేయగలిగింది కొంత ఉంది. పెద్ద బండికి ఎడమ పక్కన ఆనుకుని మలుపు దగ్గర నిలబడకూడదు, లారీ డ్రైవరుకు ఆ చోటు కనబడదు. రోడ్డు అంచున ఇసుకలో కాకుండా అంచు నుంచి రెండు మూడు అడుగులు లోపలికి, తిన్నగా పోవాలి. ఆగి ఉన్న బండ్ల మధ్యకు దూరి మళ్లీ బయటికి వస్తుంటేనే ప్రమాదం. రాత్రి షిఫ్టు వాళ్లు వెనక మడ్‌గార్డుకు, పెడళ్లకు మెరిసే స్టిక్కరు అంటించి, ముందు ఒక చిన్న లైటు పెట్టుకోవాలి. వానలో క్రోము రిమ్ము మీద బ్రేకు రబ్బరు జారుతుంది. రాడ్ బ్రేకైనా, పక్కనుంచి పట్టే బ్రేకైనా ఇంతే. తడిసిన రోజున ముందునుంచే మెల్లగా బ్రేకు పట్టి రిమ్ము మీది నీటిని తుడిచి, తర్వాత గట్టిగా పట్టాలి. నీళ్లు నిలిచిన వీధిలో మూత లేని మ్యాన్‌హోల్ కనబడదు, అలాంటి చోట దిగి తోసుకుపోవడమే మంచిది.

ఇంతకు మించి తొక్కేవాడు చేయగలిగింది లేదు, మిగతాది రోడ్డు వేసేవాళ్ల పని. 2006 జాతీయ పట్టణ రవాణా విధానం నడిచేవాళ్లకూ సైకిళ్లకూ ప్రాధాన్యం ఇవ్వాలని స్పష్టంగా చెప్పింది. సైకిలు దారులు ఎలా వేయాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే ఐఆర్‌సీ 11 అనే ప్రమాణంలో రాసింది, 2015లో దాన్ని తిరగరాసింది. హైదరాబాద్‌కు సైకిలు దారి వేయడం రాక కాదు. 2023 అక్టోబరు 1న నగరం పడమట అవుటర్ రింగ్ రోడ్డు పక్కన నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు పైన సోలార్ పలకల కప్పుతో కట్టిన 23 కిలోమీటర్ల దారిని తెరిచారు. అది మంచి దారి, ఎండవేళ కూడా నీడలో తొక్కవచ్చు. అయితే అక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది వ్యాయామం కోసం, సరదా కోసం తొక్కేవాళ్లు. పనికి పోవడానికి సైకిలు తప్ప వేరే లేనివాళ్లు ఉప్పల్‌లో, నాచారంలో ఉన్నారు. వాళ్లకు సోలార్ కప్పు అక్కర్లేదు. హబ్సీగూడ నుంచి నాచారం మీదుగా మల్లాపూర్ వరకు రోడ్డు ఎడమ అంచున రంగుతో గీసి, పార్కింగ్ లేకుండా చూసే సన్నటి సైకిలు వరుస చాలు. కాలువ మూతల ఇనుప ఊచలు రోడ్డు పొడవునా కాకుండా అడ్డంగా ఉండేలా మార్చాలి, పొడవుగా ఉంటే సన్న టైరు వాటి సందులో ఇరుక్కుంటుంది. ఉప్పల్ రింగ్ రోడ్డు సిగ్నల్ దగ్గర సైకిళ్లు ముందు నిలబడేందుకు ఒక గీత గీయాలి. జాతీయ రహదారి వంతెన కింద రోడ్డును తిరిగి వేసేటప్పుడే అంచున సైకిలుకు చోటు వదలాలి. వేశాక తవ్వడం ఎలాగూ జరగదు.

తాళం వేసుకునే చోటు గురించి ఎవరూ ఆలోచించినట్టు కనబడదు. మెట్రో స్టేషన్ల కింద మోటారు బండ్ల పార్కింగ్‌కు కట్టే రుసుమే సైకిలుకూ కట్టాలంటే, నెలకు లెక్కేస్తే రెండు వేల రూపాయల సైకిలు విలువలో పెద్ద భాగం దానికే పోతుంది. ఊరికే ఆనిస్తే సాయంత్రానికి సైకిలు ఉంటుందన్న నమ్మకం లేదు. రోడ్‌స్టర్ వెనక చక్రానికి ఉండే చిన్న తాళం చక్రాన్ని తిరగనివ్వదు గానీ, సైకిలును ఎత్తి ఆటోలో వేసుకుపోవడాన్ని ఆపదు. ఫ్రేమును, చక్రాన్ని కలిపి కదలని దేనికైనా గొలుసుతో కట్టాలి. అంటే నేలలోకి దింపి కాంక్రీటు వేసిన, తలకిందులు చేసిన యూ ఆకారపు ఇనుప గొట్టాలు కావాలి. ఒక్కో గొట్టానికి ఇరువైపులా రెండు సైకిళ్లు కట్టవచ్చు. ఒక కారు ఆగే చోటులో పది సైకిళ్లు పడతాయి. మెట్రో మెట్ల దగ్గర, సీసీ కెమెరా కంటికి అందే చోట, రుసుము లేకుండా ఇవి ఉంటే నాచారం కార్మికుడు హబ్సీగూడ దాకా సైకిలు మీద వచ్చి అమీర్‌పేటకు రైలెక్కగలడు. ఈఎస్ఐ ఆసుపత్రికి వచ్చే రోగులు, వాళ్ల వెంట వచ్చేవాళ్లు కూడా కార్మికులే, అక్కడ కూడా అవే గొట్టాలు కావాలి.

చివరిది, అన్నిటికన్నా త్వరగా కనుమరుగయ్యేది, సైకిలు మెకానిక్కు. ఫుట్‌పాత్ మీద ఒక చెట్టు కింద, లేదా కాంపౌండు గోడ పక్కన రేకు పందిరి వేసుకుని కూర్చుంటాడు. నీళ్ల టబ్బు, చేతి పంపు, పానాల పెట్టె, సొల్యూషన్ డబ్బా, వేలాడదీసిన పాత ట్యూబులు, అంతే అతని షాపు. ట్యూబును నీళ్లలో ముంచి బుడగలు వచ్చే చోటును గుర్తుపట్టి, ఆకురాయితో గరుకు చేసి, సొల్యూషన్ పూసి అది ఆరేదాకా ఆగి ప్యాచ్ నొక్కుతాడు. అలా ఆగడమే పనితనం. తడి సొల్యూషన్ మీద తొందరపడి అంటించిన ప్యాచ్ మర్నాటికి ఊడుతుంది. ఈ పని నేర్చుకునే కుర్రాళ్లు తగ్గిపోయారు, మోటారు బండ్ల పనిలో డబ్బు ఎక్కువ. ఉన్న కొద్దిమందిని రోడ్డు వెడల్పు పేరుతో, ఫుట్‌పాత్ ఖాళీ చేయించే డ్రైవ్ పేరుతో లేపేస్తే ఆ చుట్టుపక్కల పాత సైకిళ్లన్నీ ఆరు నెలల్లో ఇనుప సామాను కింద అమ్ముడుపోతాయి.

2014 నాటి వీధి వ్యాపారుల చట్టం తోపుడుబండి మీద కూరగాయలు అమ్మేవాడికే కాదు, వీధిలో కూర్చుని ప్రజలకు సేవలు అందించేవాడికి కూడా వర్తిస్తుంది. సైకిలు మెకానిక్కు ఆ నిర్వచనంలోకి సూటిగా వస్తాడు. ఆ చట్టం ప్రకారం కనీసం ఐదేళ్లకోసారి వీధి వ్యాపారుల సర్వే జరగాలి. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. ఉప్పల్, నాచారం, చిలకానగర్, హబ్సీగూడ, రామంతాపూర్‌లలో సర్వే చేసేవాళ్లకు సైకిలు పంక్చర్ పనివాళ్లను విడిగా రాసుకోమని రాతపూర్వకంగా ఆదేశించాలి. ధ్రువపత్రం ఇచ్చేటప్పుడు వాళ్లను దూరంగా ఎక్కడో వెండింగ్ జోన్‌లో కూర్చోబెట్టకూడదు. పంక్చర్ అయిన సైకిలును కిలోమీటరు తోసుకుపోయేసరికి షిఫ్టు గంట దాటిపోతుంది, గేటు దగ్గర ఆలస్యానికి సగం రోజు జీతం కోస్తారు. పారిశ్రామికవాడ గేట్లకు, మెట్రో మెట్లకు నడిచి చేరగలిగే దూరంలో, ఆరడుగుల జాగా చాలు. నడిచేవాళ్లకు అడ్డం రాకుండా ఆ జాగాను ఫుట్‌పాత్ వెనక వరుసలో గీసి ఇవ్వవచ్చు. దానికి ఒక నల్లా, ఒక బల్బుకు కరెంటు కనెక్షన్ ఇస్తే ఉదయం ఆరు గంటల షిఫ్టుకు ముందే అతను షాపు తెరవగలుగుతాడు.

ఇట్లు,
నాచారం వాసి